తుపాకీ మడమ మీద పువ్వులు

షికాగో నుంచి షామ్‌బర్గ్ వచ్చే రైల్లో నేను మా ఆవిడతో ఫోన్‌లో మాట్లాడి పెట్టేయగానే, పక్క సీటతను, "మీరు తెలుగా అంకుల్? నేను కూడా," అన్నాడు. ముప్ఫై ఏళ్లుంటాయి. ఇక్కడే పుట్టాడట. యుద్ధంలో వాడేసిన పాత సైనిక రైఫిళ్లు కొని దాచుకోవడం అతని సరదా.

వెంటనే తన ఫోన్‌లో ఫోటోలు చూపించాడు. "ఇది సెకండ్ వరల్డ్ వార్‌ది. మన ఇండియన్ సోల్జర్ వాడింది. పార్ట్స్ మీది నంబర్స్ అన్నీ మ్యాచ్ అవుతాయి!" ఇనుము మీద కొట్టిన ఆ పొడవాటి నంబరును చూడకుండా అప్పజెప్పాడు. "ఇట్స్ మై హెరిటేజ్, అంకుల్."

తర్వాత చెక్క మడమను పెద్దది చేసి చూపించాడు. దాని మీద ఎవరో మేకుతో గీసిన గీతలున్నాయి. "ఈ ఫ్లవర్ డిజైన్ చూడండి. బాగుంది కదా?"

"అవి పువ్వులు కావు బాబూ, తెలుగు అక్షరాలు. అప్పలస్వామి అని రాసుకున్నాడు," అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

అతను ఆ పేరు రెండుసార్లు పలకబోయి నవ్వేశాడు. "టూ లాంగ్ అంకుల్. రైఫిల్ పక్కన పెట్టే కార్డ్ మీద షార్ట్‌గా 'ఆల్' అని రాస్తే ఓకేనా?"

అంత పొడుగు నంబరు నోటికొచ్చినవాడికి ఒక మనిషి పేరు బరువైందా అని కడిగేద్దామనుకున్నాను. కానీ అతను నా మెడలోని ఆఫీసు బ్యాడ్జ్ వైపు చూస్తున్నాడు. శ్యామసుందరం అనే నేను అక్కడ 'శామ్'. ఎవరూ అడగకముందే నేనే అలా రాసిచ్చాను.

బ్యాడ్జ్‌ను వెనక్కి తిప్పుకుని, "ఓకే," అన్నాను.