తినే వచ్చినాను

రైల్లో పక్క సీటావిడ కారప్పొడి, నువ్వుల నూనె కలిపిన ఇడ్లీల డబ్బా నా వైపు జరిపితే, ఆకలిగానే ఉన్నా "తినే వచ్చాను" అనేశాను. యాభై దాటినా ఈ మాట నన్ను వదలదు.

చిన్నప్పుడు కేజీఎఫ్‌లో, ఆ కోలారు బంగారు గనుల ఊళ్ళో, నా స్నేహితురాలు సెల్వి వాళ్ళింటికి వెళ్తే వాళ్ళమ్మ కూడా ఇవే పెట్టింది. సెల్వి వాళ్ళ నాన్న గనిలోకి దిగే కూలీ. మా నాన్న అదే సర్కారు గనిలో గుమాస్తా. పరాయి ఇంట్లో పెట్టగానే తినడం సిగ్గుచేటని అమ్మ నేర్పింది.

"తినే వచ్చినాను ఆంటీ" అన్నాను.

"తెలుసులే పాపా. మీ వాళ్ళు మా చేతిది తినరు గదా" అంటూ ఆమె తల దించుకుని పళ్ళెం తీసేసింది. నాకేమీ అర్థం కాలేదు. బుద్ధిగా ఉన్నానని మాత్రం మురిసిపోయాను.

వారం తర్వాత ఆమె మా ఇంటికొస్తే అమ్మ కాఫీ తెచ్చింది. ఆమె గుమ్మం బయటే నిలబడి, "తాగే వచ్చినానమ్మా" అంది.

ఆమెకూ ఈ సిగ్గు నేర్పింది వాళ్ళమ్మేననుకున్నాను, అప్పట్లో.