రెండో వరసలో పక్క చోటు

నా భార్య ఒక గురువారం చనిపోయింది. రేపటికి నెల.

ఆ రోజు మామూలుగానే మొదలైంది. ఐదింటికి లేచింది. కాఫీ కలిపి నా కప్పు మీద మూత పెట్టింది. ఐదున్నరకి పార్కుకి బయల్దేరాం. మసకచీకట్లో డ్రైవ్ చేయడం ఆమెకు ఇష్టం ఉండదు. అందుకని తొమ్మిదేళ్ళుగా నేనే దింపేవాణ్ణి. దింపి, కార్లోనే కూర్చుని ఆఫీసు మెయిల్స్ చూసుకునేవాణ్ణి. ఆ రోజు అటు వెళ్ళినట్టే వెళ్ళి, వెనక్కి వచ్చి అద్దం మీద తట్టింది.

"ఏవండీ, ఇవాళైనా దిగండి. నా పక్కన చోటుంది."

"రేపు వస్తాలే."

"మీ రేపుకి తొమ్మిదేళ్ళు," అని నవ్వి వెళ్ళిపోయింది.

ఏడింటికి ఇంటికొచ్చాం. ఇడ్లీ తిన్నాం. ఆమె లైబ్రరీలో తన పనికి, నేను ఆఫీసుకి వెళ్ళాం. మధ్యాహ్నం మూడింటికి లైబ్రరీ నుంచి ఫోన్ వచ్చింది. పుస్తకాలు సర్దుతూ కూలబడిపోయిందట. నేను ఆసుపత్రికి చేరేసరికి డాక్టరు వరండాలో నాకోసం నిలబడి ఉన్నాడు. గుండె ఆగిందని చెప్పాడు. ఆమెకు యాభై రెండేళ్ళు.

ఆ వారమంతా ఈ ఊరి తెలుగు మిత్రులు మీరంతా వంటలు చేసి తెచ్చారు, ఫోన్లు చేశారు. ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేకపోయాను. అందుకని ఇలా రాస్తున్నాను.

మీలో చాలామందికి ఆమె లైబ్రరీలోనే పరిచయం. అంతకుముందు కొన్నేళ్ళు డిపెండెంట్ వీసా మీద, ఉద్యోగం చేసే వీలు లేకుండా అరిజోనాలోని ఈ చాండ్లర్‌లోనే ఉంది. ఆ రోజుల్లో మా అమ్మాయిని స్కూల్లో దింపి, పార్కు చుట్టూ నడిచేది. మోకాళ్ళు మొరాయించాయి. ఒక సెలవు రోజు నేను పెందలాడే దింపితే, చెట్టు కింద పదిమంది చైనా పెద్దవాళ్ళు చాలా నెమ్మదిగా చేతులెత్తి దించుతుంటే ఆగి చూసింది. చూసి, వెనక నిలబడి తనూ చేతులెత్తింది. దాన్ని చీగాంగ్ అంటారని, ఊపిరినీ కదలికనూ కలిపి చేసే పాతకాలపు వ్యాయామమని తర్వాత తెలిసింది. ఆ సాయంత్రం నాకు చెప్పింది మాత్రం వేరే.

"నేనెవరో ఎవరూ అడగలేదండీ."

అదే పెద్ద విశేషమన్నట్టు చెప్పింది. ఆ ఏళ్ళలో ఏ పార్టీకి వెళ్ళినా ఆమెను ముందు అడిగేది, ఏం చేస్తుంటారని. ఆ ప్రశ్న గుచ్చుకుంటుందని నాకు అప్పట్లో తట్టలేదు.

నేర్పేది డెబ్భై దాటిన ఒక చైనా ఆవిడ. మేం టీచరమ్మ అనేవాళ్ళం. ఆమెకు ఇంగ్లీషు నాలుగు ముక్కలు. ఎక్కువగా అనేది "స్లో, స్లో. నోబడీ చేజింగ్." మా ఆవిడ ఇంట్లో నా మీద దాన్నే వాడేది. నేను హడావిడిగా అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని, "నోబడీ చేజింగండీ," అనేది.

మొత్తం ఎనిమిది కదలికలు. వాటికి చైనా భాషలో పెద్ద పెద్ద పేర్లున్నాయి. మా ఆవిడ అవి గుర్తుపెట్టుకోలేదు, తన పేర్లు తను పెట్టుకుంది. రెండు చేతులూ ఆకాశానికి ఎత్తేది, అటక మీది డబ్బా దించడం. నడుం వంచి పాదాలు పట్టుకునేది, పసిదానికి చెప్పులు తొడగడం. ఆఖర్న మునివేళ్ళ మీద లేచి మడమలు దించేది, పక్కింటి గోడ మీంచి చూడటం. మా అమ్మాయి ఇప్పటికీ వాటిని అలాగే అంటుంది.

అన్నీ అయ్యాక ఊపిరి వదులుతూ చేతులు కిందకి తెచ్చి, బొడ్డు కింద పెట్టుకుని నిలబడాలి. మా ఆవిడ మొదటి రోజు చేతులు అక్కడిదాకా తెచ్చి, ఆగకుండా పైకెత్తి కళ్ళకద్దుకుంది, హారతి తీసుకున్నట్టు. అలవాటు. అలా రోజూ చేసింది. టీచరమ్మ ముందు వరసకి ముందు ఉంటుంది, వెనక చేరిన కొత్తవాళ్ళకి కనబడదు. వాళ్ళు మా ఆవిడని చూసి నేర్చుకున్నారు. రెండేళ్ళకి సగం గుంపు కళ్ళకద్దుకుంటోంది. ఒక రోజు టీచరమ్మ వెనక్కి తిరిగి చూసింది. అందరి చేతులూ కళ్ళ మీద ఉన్నాయి.

"హూ టీచ్ దిస్?" అని అడిగిందట.

అందరూ మా ఆవిడ వైపు చూశారట. ఆమె సిగ్గుతో, "సారీ, సారీ, మా ఇంట్లో దీపానికి చేస్తాం," అని చెప్పబోయిందట. టీచరమ్మ ఒక్క క్షణం ఆలోచించి, తనూ కళ్ళకద్దుకుని చూసి, "గుడ్. వార్మ్," అందట. అప్పటినుంచి ఆ గుంపులో వ్యాయామం అలాగే ముగుస్తుంది.

నేను కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో గ్యాస్ లైన్లు చూసే ఇంజినీర్ని. ఇదంతా నాకు తమాషాగా ఉండేది. "మీ గాలి కసరత్తు అయిందా?" అని ఏడిపించేవాణ్ణి. ఒకసారి నిమిషానికి ఎన్ని ఊపిర్లు తీస్తోందో ఫోన్‌లో టైమర్ పెట్టి లెక్కపెట్టాను. ఆమె కళ్ళు తెరిచి, "ఊపిరి మీ ఫ్యాక్టరీలో గ్యాస్ కాదు, వాల్వ్ తిప్పి చూసుకోడానికి. ఊరికే ఉండండి కాసేపు," అంది. ఊరికే ఉండటం నాకు చేతకాలేదు.

దినాలకి వచ్చిన ఒక మిత్రుడు, చెడు ఉద్దేశంతో కాదు, "ఆవిడ అన్నేళ్ళు అంత బాగా చేశారు కదండీ, ఏం లాభం?" అన్నాడు. ఆ జవాబు ఇప్పుడు చెబుతాను. అది ఆమె గుండెను కాపాడలేదు. కాపాడుతుందని ఆమె ఎప్పుడూ అనలేదు. తొమ్మిదేళ్ళు రోజూ ఉదయం నా పక్క సీట్లోకి ఒక తేలికైన మనిషి వచ్చి కూర్చునేది. నాకు తెలిసింది అంతే.

పన్నెండో రోజు తర్వాత టీచరమ్మ మా ఇంటికొచ్చింది. తోడుగా గుంపులోని ఒక రిటైర్డ్ బస్సు డ్రైవరు, మెక్సికన్ పెద్దాయన, వచ్చాడు. నారింజలు తెచ్చారు. ఇద్దరూ మా ఆవిడ ఫొటో ముందు చేతులు కళ్ళకద్దుకున్నారు. మా అమ్మాయి లోపలికి వెళ్ళిపోయింది.

కాసేపటికి పెద్దాయన ఇంగ్లీషులో మెల్లగా విషయం చెప్పాడు. ఆ చెట్టు నీడలో పద్దెనిమిది మందికే చోటు. మిగిలినవాళ్ళు ఎండలో నిలబడాలి. ఈ ఊళ్ళో ఎండంటే మీకు తెలుసు. నెల రోజులు ఎవరైనా రాకపోతే ఆ చోటు ఎండలో ఉన్నవాళ్ళకి ఇవ్వడం వాళ్ళ పద్ధతి. మోకాలి ఆపరేషన్ అయిన ఒకావిడ వేసవి నుంచీ ఎదురుచూస్తోంది.

"కాని మీ చోట్లు మీరు చెప్పకుండా ఇవ్వం," అన్నాడు.

"చోట్లా? ఆమెది ఒకటే కదా?"

"రెండు. ఆమెదీ, మీదీ."

నాకు అర్థం కాలేదు. ఆయన కొంచెం ఇబ్బందిగా నవ్వాడు.

"రెండో వరస చివర తన పక్కన పసుపు తువ్వాలు పరిచేది కదా రోజూ. ఎవరైనా అక్కడ నిలబడబోతే, 'సారీ, మై హస్బెండ్ ఈజ్ కమింగ్' అనేది. మేం మొదట్లో నమ్మాం. తర్వాత జోక్ అనుకున్నాం. తర్వాత ఎవరూ అడగలేదు."

ఆ తువ్వాలు నాకు తెలుసు. తొమ్మిదేళ్ళు కారు అద్దంలోంచి చూశాను. చెమట తుడుచుకోడానికి అనుకున్నాను. మన ఊళ్ళలో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద రుమాలు వేసేవాళ్ళం గుర్తుందా? ఆమె చేసింది అదే. ఆ బస్సు నేను ఎక్కలేదు.

టీచరమ్మ నా చేయి పట్టుకుని, "నో హర్రీ," అంది. వెళ్ళేముందు పెద్దాయన మాత్రం, "నెల దాకా ఆగుతాం," అన్నాడు.

ఈ రెండు వారాలూ ఆ మాటే ఆలోచిస్తూ ఉన్నాను. రెండూ ఇచ్చేయండని మెసేజ్ టైప్ చేసి, రెండుసార్లు చెరిపేశాను. తన ఊరికి తిరిగి వెళ్ళిన మా అమ్మాయికి ఫోన్‌లో చెప్పాను.

"నాన్నా, అమ్మ వాంటెడ్ యూ దేర్. జస్ట్ వన్ డే వెళ్ళు," అంది.

"అందరి ముందూ తప్పులు చేస్తానేమో."

"సో? అమ్మ కూడా తప్పే చేసింది. అందరూ కాపీ కొట్టారు."

మొన్న తెల్లవారుజామున గరాజ్‌లో ఒక్కణ్ణే నిలబడి ప్రయత్నించాను. ఎనిమిదీ వచ్చాయి. నేర్చుకోలేదు, చూసి చూసి వచ్చేశాయి. కాని అందరూ ఎడమకి తిరిగే చోట నేను కుడికి తిరుగుతున్నాను. నా కారు ఎప్పుడూ వాళ్ళకి ఎదురుగా ఉండేది. అంతా అద్దంలో బొమ్మలా ఎక్కింది. మళ్ళీ మొదలుపెట్టి, ఎడమకి తిరిగాను. ఊపిరి మధ్యలో రెండుసార్లు తెగింది. ఎవరూ తరమడం లేదని నాకు నేనే చెప్పుకున్నాను. ఆఖర్న చేతులు బొడ్డు దగ్గర ఆగలేదు. వాటంతటవే కళ్ళ మీదికి వచ్చాయి. నిజంగానే వెచ్చగా ఉన్నాయి. చాలాసేపు తీయలేదు.

ఆమె సంచీ ఇంకా కారు వెనక సీట్లోనే ఉంది. తువ్వాలు అందులో మడిచి ఉంది.

రేపు ఉదయం ఐదింటికి లేస్తాను. కాఫీ నేనే కలుపుకుంటాను. ఐదున్నరకి బయల్దేరి కారు ఎప్పుడూ ఆపే చోటే ఆపుతాను. మా ఆవిడ చోటు మోకాలి ఆపరేషన్ అయిన ఆవిడకి ఇమ్మని టీచరమ్మకి చెబుతాను. పక్క చోటు ఇవ్వను. అది నాది. తువ్వాలు సంచీలోనే ఉంచి, కారు దిగుతాను.