ముప్పై సెకన్ల నిబంధన

2022 జూన్ 14, మంగళవారం, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు నాకు బాస్ డెస్క్, అంటే అడుగు స్థాయి శబ్దం బరువుగా ఉండే పాటల విభాగం, అప్పగించారు. హైటెక్ సిటీలో ఒక భవనం ఆరో అంతస్తులో మా కాంట్రాక్టు సంస్థ ఉండేది. పాటలు వినిపించే యాప్‌లకు వచ్చే ప్రతి పాటనూ ఏ వర్గంలో పెట్టాలో సరిచూసి చెప్పడం మా పని. ఒక కళాశాల గ్రంథాలయంలో ముప్పై ఒక్క సంవత్సరాలు పుస్తకాల కేటలాగు రాసి, పదవీ విరమణ తరువాత నేను ఇందులో చేరాను. పాట విని వర్గం రాసేవారిని ట్యాగర్లు అంటారు. వారి మీద లీడ్. నేను లీడ్‌ని, నా కింద నలుగురు ట్యాగర్లు. అప్పటికి నా వయసు అరవై మూడేళ్ల నాలుగు నెలలు. ఈ సంగీతం ఒక్క నిమిషం కూడా విని ఎరుగను.

ట్యాగర్లలో పెద్దవాడు మల్లేశ్. నలభై రెండేళ్లు, కొండాపూర్ పాత ఊరివాడు. పదేళ్లు పెళ్లి ఊరేగింపులకు సౌండ్ బాక్సులు కిరాయికి ఇచ్చినవాడు. నాకు పాఠం చెప్పింది అతనే. ఈ సంగీతం మూలాలు జమైకాలో వీధుల్లో పేర్చే పెద్ద పెద్ద బాక్సుల్లో ఉన్నాయనీ, అక్కడి కుటుంబాలతోపాటు అది లండన్ చేరిందనీ, ఆ నగరపు దక్షిణ పేటల్లో డబ్‌స్టెప్ అయిందనీ నేను చదివి చెబితే, అతను నవ్వాడు.

“గింత దూరం పోవుడు ఎందుకు మేడం? మా బరాత్ గిట్లనే గద. చెవులతోని వినరు, ఛాతితోని వింటరు.”

ఆ మాట నా నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను. నిమిషానికి నూట నలభై దెబ్బలు, కాని సగం వేగంతో నడుస్తున్నట్టు అనిపించే డబ్‌స్టెప్ మొదట్లో చీకటిగా, నింపాదిగా ఉండేది. తరువాతి వాళ్లు బరువును అడుగు స్థాయి నుంచి మధ్య స్థాయికి తెచ్చారు. అక్కడ శబ్దం గుర్రుమంటుంది, రేకును చించినట్టు ఉంటుంది. మరీ చించేదాన్ని టేరౌట్ అన్నారు. ఒకే చిన్న ముక్కను మళ్లీ మళ్లీ కొట్టేదాన్ని రిడిమ్ అన్నారు. హెవీ మెటల్ నుంచి అరుపులు అరువు తెచ్చుకున్నదాన్ని డెత్‌స్టెప్ అన్నారు. బ్రోస్టెప్ అనే పేరు మాత్రం ఎగతాళిగా పుట్టింది. పాత డబ్‌స్టెప్ అభిమానులు కొత్తవాళ్లను వెక్కిరిస్తూ పెట్టింది. గ్రంథాలయంలో ఒక జాతిని వాళ్ల శత్రువులు పెట్టిన పేరుతో కేటలాగులో రాయం. అందుకని, తమకు తాము ఆ పేరు పెట్టుకోనివారికి మేము దాన్ని తగిలించకూడదని మొదటి వారంలోనే నియమం రాశాను. ఆ నియమం ఇప్పటికీ సరైనదే అనుకుంటాను.

రెండో నియమమే తప్పు. పుస్తకం మొత్తం చదివి ఎవరూ కేటలాగు రాయరు. శీర్షిక పుట, దాని వెనక పుట, విషయసూచిక చూస్తే చాలు. అదే అలవాటుతో, ప్రతి పాటలో మొదటి ముప్పై సెకన్లు మాత్రం కోసి ట్యాగర్లకు వినిపించాలని రాశాను. ఒక్కో పాటను ఇద్దరు విడివిడిగా వినాలి. ఇద్దరూ ఒకే వర్గం రాస్తే, పాట చేసినవారు తాము ఏమని రాసి పంపినా, మా మాటే నిలుస్తుంది. ఇద్దరి మాటా కలిసే లెక్క మా డెస్క్‌లో నూటికి తొంభై ఏడు. అంతస్తు మొత్తంలో అదే ఎక్కువ. జూలైలో మాకు కేక్ కోశారు.

ఆగస్టు 2, మంగళవారం, పదకొండుంబావుకు రిసెప్షన్ నుంచి ఫోను వచ్చింది. ఫిర్యాదులు కంప్యూటర్‌లో వస్తాయి, మనుషులు రారు. ఈసారి ఒక మనిషే వచ్చింది. పేరు ఎస్తేరు. ఇరవై తొమ్మిదేళ్లు, దగ్గరలోని ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు, ఉండేది బాచుపల్లిలో. డ్యూటీ దుస్తుల్లోనే ఉంది.

“నేను టేరౌట్ అని రాసి పంపానండి. మీరు ప్రార్థన, విశ్రాంతి అని మార్చారు. ఒక్క పాటకి కాదండి, రెండు పాటలకి.”

ఆమె మొదటి పాట ఆరంభం హార్మోనియం మీద కీర్తనలాంటి వరస. యాభై రెండు సెకన్లు. ఆ తరువాత డ్రాప్, అంటే బరువు ఒక్కసారిగా పడే చోటు. మా ట్యాగర్లు అక్కడిదాకా వెళ్లలేదు. వెళ్లకూడదని నేనే రాశాను.

“మా అమ్మకి యాప్ దానంతట అదే ప్రార్థన పాటల్లో నా పాట చూపించిందండి. పొంగిపోయి స్త్రీల కూటంలో పెట్టింది. మొదటి నిమిషం అందరూ కళ్లు మూసుకున్నారు.”

“తరువాత?”

“పాస్టరమ్మగారు కుర్చీలోంచి లేచిపోయారండి. ఇంకో ఆంటీ ట్రాన్స్‌ఫార్మర్ పేలిందని కరెంటాఫీసుకి ఫోన్ చేశారు.”

నా వెనక మల్లేశ్ దగ్గుతున్నట్టు నటించాడు. ఎస్తేరు కూడా నవ్వింది, కాని వచ్చింది నవ్వడానికి కాదు. వర్గం తప్పు రాసి పంపినట్టు మేము తేల్చిన ప్రతిసారీ యాప్‌వాళ్లు పాట చేసినవారి పేరు మీద ఒక తప్పు మార్కు వేస్తారు; ఒకే జాబితాలో ఒకరి పాటలు ఎన్ని ఉన్నా మార్కు ఒకటే. మూడు మార్కులకు పేజీ మూసేస్తారు, పాటలు చెరిపేస్తారు. ఎస్తేరుకు రెండు పడ్డాయి. మూడో పాట మా జాబితాలో ఉంది, శుక్రవారం సాయంత్రం ఐదింటికి యాప్‌వాళ్లకు వెళ్లిపోతుంది. ఆమెవి మొత్తం పదకొండు పాటలు, మూడేళ్ల పని. శనివారం సాయంత్రం కొండాపూర్‌లో ఒక చిన్న హాలులో ఆమె మొదటిసారి జనం ముందు వాయించాలి. ఆ నిర్వాహకులు పేజీ చూసే పిలిచారు.

మా మేనేజర్ దయగలవాడు. ఆ అమ్మాయి పాట ఒక్కటీ చేత్తో సరిచేసి పంపండి, తొంభై ఏడు శాతాన్ని కదపకండి అన్నాడు. అలా పంపితే మూడో మార్కు పడదు, కాని మొదటి రెండూ పోవు. మార్కులు పోవాలంటే డెస్క్ తప్పు చేసిందని లీడ్ సంతకంతో తప్పు నివేదిక పంపాలి. దానికి మేము మార్చిన ప్రతి పాట లెక్కా జత చేయాలి. ఎస్తేరు ఒక్కతే కాదు, ఇంకా ఎందరో ఉండి ఉంటారు. నివేదిక రాస్తానని చెప్పాను.

లెక్క తీశాను. పని మొదలైన ముప్పై మూడు పనిదినాల్లో మా డెస్క్ చూసినవి 3,960 పాటలు. అందులో చేసినవారి మాట కాదని మేము మార్చినవి 438. వాటిలో 26 అప్పటికే చెరిగిపోయాయి. మిగిలినవి 412. సగటున నాలుగు నిమిషాల చొప్పున, మొత్తం వినడానికి ఇరవై ఏడు గంటల ఇరవై ఎనిమిది నిమిషాలు. ఇద్దరిద్దరి జట్లు రెండు చేస్తే సగం.

ఆఫీసు హెడ్‌ఫోన్లలో అడుగు బరువు వినబడదని మల్లేశ్ బుధవారం పొద్దున తన పాత సౌండ్ బాక్సు ఒకటి ఆటోలో వేసుకొచ్చాడు. సెక్యూరిటీ అతను ఆపితే, “ఫికర్ చెయ్యకు అన్నా, మేడం దవాఖాన మెషిను గిది, చెవుల పరీక్షకు” అని చెప్పి లోపలికి తెచ్చాడు. నేను అబద్ధాన్ని ఖండించాను, కాని బాక్సు లోపలికి వచ్చిన తరువాత.

ఆ మూడు రోజులంత సంతోషంగా నేను ఉద్యోగంలో ఎన్నడూ లేను. కాన్ఫరెన్స్ గదిలో మంచినీళ్ల గ్లాసులు బల్ల మీద నడిచాయి. కింది అంతస్తువాళ్లు గోడకు డ్రిల్లింగ్ ఎంతసేపని అడగడానికి వచ్చి, ఒక రిడిమ్ పాట పూర్తిగా విని, ఇంకొకటి వేయమన్నారు. జీతాల విభాగంలోని పద్మజ చీర కొంగు బొడ్లో దోపి తీన్‌మార్ అడుగులు వేసింది. గమనించాల్సింది ఏమిటంటే, అడుగు సరిగ్గా కుదిరింది.

“జర ఆగుండ్రి మేడం,” అని మల్లేశ్ గురువారం ఒక పాట నడుమ చెయ్యెత్తాడు. “గిది టేరౌట్ గాదు, డెత్‌స్టెప్. అరుపు చూడుండ్రి, గొంతుల కెల్లి రాలే, కడుపుల కెల్లి వచ్చింది.”

మళ్లీ విన్నాను. అతను చెప్పిందే నిజం. రెండో రోజుకు తేడాలు నాకే పట్టుబడసాగాయి. పేరు అనేది శబ్దం ఎంత గట్టిదో చెప్పదు. ఆ గట్టిదనం ఎక్కడి నుంచి వస్తుందో చెబుతుంది.

శుక్రవారం మూడు గంటల ఇరవై నిమిషాలకు ఆఖరి పాట అయింది. 412లో మేము తప్పు మార్చినవి 389. సరిగా మార్చినవి 23. ఎక్కువ భాగం ఒకే తీరు: పియానోనో వేణువో సన్నటి గొంతో ముందు, తుఫాను తరువాత. మేము వాటిని నిద్ర పాటల్లో పెట్టాం. నాలుగుంబావుకు నివేదిక పంపాను. నాలుగు నలభైకి ఎస్తేరు మార్కులు రెండూ తీసేశారు. మూడో పాట ఆమె రాసిన వర్గంతోనే వెళ్లింది. ఆమెకు నేనే ఫోన్ చేశాను.

“థాంక్సండి. రేపు రండి మేడం. మా అమ్మ కూడా వస్తుంది.”

“ఆవిడకు తెలుసా, ఏం వాయిస్తావో?”

“తెలుసండి. చెవుల్లో దూది పెట్టుకుని ముందు వరుసలో కూర్చుంటానంది.”

వెళ్లాను. ఆవిడ నాకూ కొంచెం దూది ఇచ్చారు. హార్మోనియం యాభై రెండు సెకన్లూ ఆవిడ పెదవులు కదిపారు. డ్రాప్ పడగానే దూది తీసేసి, “మా పిల్లేనండి” అని నా చెవిలో అరిచారు.

ఈ ఉదంతం నేర్పింది చిన్న విషయం. ఇద్దరు ఒకే మాట చెప్పారంటే, ఇద్దరూ ఒకే ముక్క విన్నారని మాత్రమే రుజువవుతుంది, ఆ మాట నిజమని కాదు. ఆ తరువాత మా డెస్క్‌లో పాటను చివరిదాకా వినడం నిబంధన అయింది. మాట కలవనివాటిని మళ్లీ మళ్లీ వినాల్సి రావడంతో రోజుకు చూసే పాటలు నూట ఇరవై నుంచి నలభై ఆరుకు తగ్గాయి.

పోయినవాటి లెక్క ఇది. నా లీడ్ హోదా: ఆగస్టు 16 నుంచి ట్యాగర్‌గా పనిచేసి, అక్కడే విరమించాను. తొంభై ఏడు శాతం: అది ఆ తరువాత డెబ్బై నాలుగు దాటలేదు. మూడు మార్కులూ పడి మేము చూసేలోపే మూసేసిన పేజీలు మూడు. పాటలు మళ్లీ పంపమని ముగ్గురికీ ఉత్తరాలు రాశాను. ఇద్దరు జవాబివ్వలేదు. ఒకరు అక్కర్లేదని రాశారు. ఆ ముగ్గురి పాటలు ఇరవై ఆరు. ఒక్కోదానిలో మేము విన్నది ముప్పై సెకన్లు, మొత్తం పదమూడు నిమిషాలు.