సీలు విప్పని మూట

1968లో నేను శ్రీకాకుళంలో ఒక పెద్ద వకీలు గారి దగ్గర జూనియర్‌ని. ఆ ఏడు వానాకాలంలో ఆయన ఒక అప్పీలు కట్ట నా చేతిలో పెట్టి, నువ్వే వాదించు అన్నారు. ఆ రోజు నుంచి నేను నేలమీద నడిస్తే ఒట్టు.

ముద్దాయి నూకరాజు భావనపాడు జాలరి. ఎండుచేపలు కొనడానికి సైకిలు మీద వచ్చిన వర్తకుణ్ణి దారిలో ఆపి, పదునైన ఆయుధం చూపి సంచి లాక్కోబోయాడని కేసు. చుట్టకి నిప్పడిగానంతే అని నూకరాజు చెప్పుకున్నాడు. కింది కోర్టు నమ్మలేదు. దోపిడీకి ప్రయత్నించాడని రెండేళ్లు వేసింది. అప్పీల్లో మళ్లీ సాక్షుల్ని పిలవరు. కింది కోర్టు రికార్డు ముందు పెట్టుకుని, శిక్షకు ఆ సాక్ష్యం చాలుతుందా లేదా అని చూస్తారు.

నూకరాజు భార్య పోలమ్మ ప్రతి వాయిదాకీ వచ్చేది. నన్ను చూడగానే చుట్ట ఆర్పి ఒకటే అడిగేది.

"బాబూ, మా వల అల్లుకునే కర్ర పోలీసోలు అట్టుకుపోనారు. అదిప్పించండి. వల సగంలో ఉండిపోనాది."

మొగుడు జైల్లో ఉంటే ఈమెకు కర్ర మీద ధ్యాసేమిటని విసుక్కునేవాణ్ణి. ముందు మనిషిని తెస్తాను, కర్ర సంగతి తర్వాత చూద్దామని గొప్పగా చెప్పి పుస్తకాల్లో తల దూర్చాను. పదునైన ఆయుధం అంటే ఏమిటన్న దాని మీద పదకొండు తీర్పులు ఏరాను. కేసులోని ఆయుధం ఎలా ఉందో చూడాలని మాత్రం తోచలేదు.

విచారణ రోజు వరండాలో పోలమ్మ మళ్లీ అడ్డు తగిలింది.

"ఆ కర్ర సేతిలో ఉండగానే కదా బాబూ ఆడ్ని అట్టుకున్నారు. దాన్నే మూట కట్టీసినారు. ఏటి, మీరు సూడ్నేదా?"



లోపలికి వెళ్లి, పదకొండు తీర్పులూ పక్కన పెట్టి, వస్తు సాక్ష్యం మూట తెప్పించమని జడ్జి గారిని వేడుకున్నాను. మూట వచ్చింది. దాని మీద పోలీసు స్టేషన్‌లో వేసిన లక్క సీలు చెక్కు చెదరలేదు. అంటే కింది కోర్టులో వర్తకుడు ఇదే ఆయుధమని గుర్తుపట్టింది గుడ్డమూటనే. బంట్రోతు సీలు విప్పాడు. లోపల జానెడు వెదురు కర్ర. కొస సన్నగా చెక్కి ఉంది. వల నూలు ఇంకా చుట్టే ఉంది.

మీరైనా దీన్ని ముందు చూశారా అని జడ్జి గారు నన్నడిగారు. లేదండీ అన్నాను. హాల్లో నవ్వని వాడు లేడు. సిగ్గుతో చచ్చిపోయాను.

చూపించాడన్న ఆయుధం రుజువు కాలేదు, వర్తకుడి మాటకు వేరే సాక్ష్యం తోడు లేదు అంటూ శిక్ష కొట్టేశారు. నా పదకొండు తీర్పుల్లో ఒక్కదాని ఊసూ అందులో లేదు.

అప్పటికి నూకరాజు ఏడు నెలలుగా జైల్లో ఉన్నాడు. మొదటి వాయిదాలోనే పోలమ్మ మాట చెవిన పెట్టి ఉంటే బెయిలు దరఖాస్తులోనే ఈ సంగతి రాసేవాణ్ణి. నాలుగు నెలల ముందే ఇంటికి వెళ్లేవాడు. ఆ నాలుగు నెలలూ నా ఖాతావే.

కర్ర తిరిగి ఇచ్చినప్పుడు పోలమ్మ నూలు సరిచూసుకుంది. "మొదట్నుంచీ సెప్తన్నాను కదా బాబూ," అని మాత్రం అంది.

ఆ తర్వాత ప్రాక్టీసు చేసినన్నాళ్లూ పుస్తకం తెరిచే ముందు మూట విప్పించాను. కక్షిదారు ఇంటివాళ్లు ఏదైనా పొంతన లేకుండా అడుగుతున్నారనిపిస్తే, కాగితం తీసి ముందు అదే రాసుకున్నాను.