పేజీ తనంతట తనే ఖాళీ అయితే

కొవ్వూరులో ఓ చిన్న ప్రైవేటు హైస్కూలు ఆఫీసులో జ్ఞానమ్మ ఇరవై ఎనిమిదేళ్లుగా గుమాస్తా. టైపు హయ్యరు పాసై చేరింది. మిషను పోయి కంప్యూటరు వచ్చినా ఆవిడ వేళ్ల జోరు తగ్గలేదు. ఓ అక్షరం తప్పు పడితే తెర చూడకుండానే తెలిసిపోతుంది ఆవిడకి.

అలాంటి మనిషి ఆ సోమవారం బిత్తరపోయింది. పదో తరగతి పిల్లల వివరాలు శుక్రవారంలోగా ఆన్‌లైన్లో ఎక్కించాలి. రాణి అనే పిల్ల పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ కొట్టి, ఆధార్ నంబరు సగంలో ఉండగా పేజీ మొత్తం ఖాళీ అయిపోయింది.

"ఏ మీట నొక్కానో ఏంటో" అనుకుని మళ్లీ కొట్టింది. ఈసారి సేవ్ అయింది. తర్వాతి పిల్లవాడి దగ్గర మళ్లీ ఖాళీ. ఆ తర్వాత ఇద్దరివి బాగానే వెళ్లాయి. ఎందుకు పోతుందో, ఎందుకు ఉంటుందో అంతు చిక్కలేదు. సాయంత్రానికి తొమ్మిది మందివే అయ్యాయి.

ఎవరికీ చెప్పలేదు. వాళ్లమ్మకి మతిమరుపు ఇలాగే మొదలైంది మరి, కూరలో ఉప్పు రెండుసార్లు వేయడంతో. ఇంటికి నడుస్తూ తను చేరిన ఏడాది పదో తరగతి హాజరు పట్టీ మనసులో చదువుకుంది. నలభై ఒక్క పేర్లూ వరసగా వచ్చాయి. బుర్ర బాగానే ఉందన్నమాట. మరి చేతులకేమైంది?

మంగళవారం ఓ పని చేసింది. ఓ పేరు కొట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని తెరకేసి చూస్తూ కూర్చుంది. కాసేపటికి పేజీ ఒక్కసారి మెరిసింది. పేరు మాయం.

"ఆశ టీచరుగారండీ! ఒక్కసారి ఇలా రండి. నేను ముట్టుకోలేదండి, నా మీద ఒట్టు!"

పక్క గదిలోంచి వచ్చిన సైన్సు టీచరు ఆశాజ్యోతి తెర చూడగానే నాలిక కరుచుకుంది.

"అయ్యో, ఇది నా నిర్వాకమేనండి. శనివారం మీ సిస్టమ్‌లో టాలెంటు టెస్టు హాల్‌టికెట్లు చూశాను కదా. నెట్ పోయి పోయి వస్తోంది. వచ్చినప్పుడల్లా పేజీ దానంతటదే తెరుచుకోవాలని బ్రౌజర్లో ఆటో రీలోడ్ పెట్టాను. నిమిషానికోసారి పేజీ కొత్తగా తెరుచుకునేలా పెట్టి, తీయడం మర్చిపోయానండి."

"అంటే నిమిషంలోపు కొడితే నాది, దాటితే దానిదీనా?"

"అంతేనండి. కాస్త అటూ ఇటూగా."

ఆశాజ్యోతి సెట్టింగుల్లోకి వెళ్లి, నెట్ పోయిందని చూపించే పేజీని మాత్రమే రీలోడ్ చేసేలా మార్చింది. ఫారంలో రెండు మాటలు కొట్టి, నెట్ వైరు పీకి, మళ్లీ పెట్టింది. మాటలు అలాగే ఉన్నాయి. ఈసారి ముందే వైరు పీకి, ఇంకో పేజీ తెరవబోయింది. నెట్ లేదన్న బొమ్మ వచ్చింది. వైరు పెట్టిన కాసేపటికి ఎవరూ ఏదీ నొక్కకుండానే పేజీ వచ్చేసింది.

"నెట్ వచ్చిందని దానికెవరు చెప్పారండీ?" అంది జ్ఞానమ్మ.

"అదే మాటిమాటికీ అడిగి చూసుకుంటుందండి."

"ఎవర్ని?"

ఆశాజ్యోతి నోరు తెరిచేలోగా గంట కొట్టారు. క్లాసుకి పరుగెత్తింది.

గురువారం మధ్యాహ్నానికి అరవై ముగ్గురి వివరాలూ ఎక్కాయి. మధ్యలో నెట్ రెండుసార్లు పోయింది, పేజీ రెండుసార్లూ తనే తిరిగొచ్చింది. హెడ్మాస్టరు లోవరాజుగారు జాబితా చూసి, "తొందరగానే అయిందే!" అన్నారు. సోమవారం సంగతి ఆయనకి చెప్పాలో వద్దో తేల్చుకోలేక, జ్ఞానమ్మ జాబితా తీసుకుని ఫైల్లో పెట్టింది.

శుక్రవారం ఆ సెట్టింగు ఎక్కడుందో ఆశాజ్యోతి చేత మరోసారి చూపించుకుంది. చూస్తున్నంతసేపూ అర్థమైనట్టే ఉంది. టీచరు వెళ్లాక తనే వెతికితే, ఎంతకీ కనపడలేదు.