టీకి పది నిమిషాలు

దేవపాలుకు ఉన్న జబ్బు ఒక్కటే. బండెక్కితే టీకి ఆగాలి. బీపీ లేదు, షుగరు లేదు, అరవై ఆరేళ్ళ వయసులో అద్దాలు లేకుండా బైబిలు చదువుతాడు. కానీ చక్రాలు నాలుగు చుట్లు తిరిగాయో లేదో చెయ్యి పైకెత్తి, "టీకి పది నిమిషాలు!" అని కేక పెడతాడు. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు ఇరవై కిలోమీటర్లు. కిటికీకి తల ఆనించి ఒక కునుకు తీస్తే వచ్చేసే ఊరు. దేవపాలుతో పోతే మధ్యలో టీ ఉంటుంది. మొగుణ్ణి రాకెట్టులో కూర్చోబెట్టినా చంద్రుడికి ఇవతల రెండు చోట్ల ఆపిస్తాడని ఆయన భార్య సుగుణమ్మ అంటుంది.

కోడలు శ్వేతకు ఈ సంగతి పెళ్ళిచూపుల నాడే తెలిసింది. ప్రొద్దుటూరులో వాళ్ళింటికి పది గంటలకు వస్తామన్నవాళ్ళు పదకొండున్నరకు దిగారు. శ్వేత వాళ్ళమ్మ కంగారుపడి, "దారిలో ఏమన్నా ఇబ్బందైందా అన్నా?" అని అడిగింది. పెళ్ళికొడుకు జాన్సన్ తల దించుకొని, "టీ అత్తా. రెండు సార్లు" అన్నాడు. అంత టీ పిచ్చి మనిషి కదా అని ఆమె లోపలికి పరుగెత్తి యాలకులు దంచి చిక్కటి టీ పెట్టి తెస్తే, దేవపాలు గ్లాసు అందుకొని పెదవులకు తాకించి కింద పెట్టేశాడు. "ఇప్పుడే తాగొచ్చినాం మ్మా" అన్నాడు. ఆ నిండు గ్లాసు అలాగే చల్లారిపోవడం శ్వేత తలుపు చాటు నుంచి చూసింది. ఇదేం మనిషిరా దేవుడా అనుకుంది.

అసలు ఈ జబ్బు ఉద్యోగంలో అంటుకుంది. దేవపాలు ముప్పై రెండేళ్ళు ఆర్టీసీలో కండక్టరు. జమ్మలమడుగు, పులివెందుల మధ్య బస్సులో ఆయన విజిలు వినని గొడ్డూ గోదా లేవు. బస్సు ఆలస్యానికి కారణమేమిటని పైవాళ్ళు ఎన్నిసార్లు సంజాయిషీ అడిగారో లెక్కలేదు. ప్రతిసారీ ఒకే అక్షరం రాసిచ్చాడు. టీ. రిటైరై ఎనిమిదేళ్ళయినా విజిలు మెడలోనే ఉంది. ఆటో ఎక్కినా రేకు మీద రెండు దెబ్బలు వేసి "రైట్, రైట్!" అననిదే ఆయన కూర్చోడు.

ఇప్పుడు జాన్సన్ తుమ్మలపల్లె గనిలో ఉద్యోగి. శ్వేత బడిపంతులమ్మ. కాపురం పులివెందులలో. ఎనిమిది నెలల కూతురు పేరు ప్రశాంతి. పిల్ల పుట్టినప్పటి నుంచి ఇంట్లో లేనిది అదొక్కటే. ఆదివారం ఆదివారం ముగ్గురూ జమ్మలమడుగు వస్తారు. చర్చి అయ్యాక అందరూ వసారాలో చేరతారు. అలాంటి ఒక ఆదివారం శ్వేత తన ఫోనులో బెంగుళూరు పక్కనున్న థీమ్ పార్కు వీడియో చూపించింది.

దేవపాలు తల్లి లక్ష్మమ్మ, ఇంటిల్లిపాదికీ జేజి, ఎనభై ఐదు దాటిన మనిషి. ఫోను ముక్కు దగ్గర పెట్టుకొని నోరు తెరిచింది.

"అమ్మా! గుర్రాల రంగులరాట్నం! ఎంత ఉండాదో సూడు. నేను ఏడేండ్లప్పుడు తిర్నాళ్ళలో ఎక్కినా. రెండు చుట్లు తిరిగిందో లేదో, ఆడపిల్లకు ఇదేందని మా నాయన చెయ్యి పట్టి గుంజి దింపినాడు."

"మూడో చుట్టు ఈడ తిరుగుదువు గానీ రా జేజీ" అంది శ్వేత.

జేజి మొహంలో దీపం వెలిగి వెంటనే ఆరిపోయింది. "నాకు మోకాళ్ళు మ్మా. మీరు పోయి రాండి."

ఈ మోకాళ్ళ కథ రెండేళ్ళుగా నడుస్తోంది. అంతకు ముందు ఆమె ఎక్కడికైనా వచ్చేది. ఒకసారి దేవపాలుకు జ్వరమొస్తే, చుట్టాల కారులో ఆమె ఒక్కతే కడపలో పెళ్ళికి పోయి వచ్చింది. ఆ తర్వాత గేటు దాటమంటే మోకాళ్ళు. కానీ ఇంట్లో అదే మోకాళ్ళతో పిల్లను చంకనేసుకొని వీధి చివరిదాకా తిరుగుతుంది. శ్వేతకు అది అర్థమయ్యేది కాదు. నాలుగు తరాలూ ఒకే రంగులరాట్నం మీద కూర్చున్న ఫొటో ఒక్కటి కావాలని ఆమె మనసులో గట్టిగా పడిపోయింది. జేజి లేకుండా అయితే ఆ ప్రయాణమే వద్దనుకుంది.

"నువ్వు రాకుంటే ప్రశాంతి ఎవరి దగ్గర నిద్రపోతాది జేజీ? నా దగ్గరైతే పోదు కదా" అంది.

జేజి పిల్లను చూసింది. తర్వాత కొడుకు వైపు చూసింది. "వాడొస్తాండాడా?"

"నాయన లేకుండా ఎట్ల పోతాం?" అన్నాడు జాన్సన్.

"అయితే చూద్దాం లే."

వంటింట్లో నుంచి సుగుణమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "యాడికంట ప్రయాణం?"

"థీమ్ పార్కుకు అత్తా."

"టీ పార్కా?" సుగుణమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "అట్లాంటిది గూడా పెట్టినారా? ఇంగ మీ మామ ఆడ్నుంచి తిరిగొస్తాడా!"

శ్వేత పంతులమ్మ కాబట్టి ప్రణాళిక కూడా టైంటేబుల్ మాదిరే వేసింది. ఉదయం ఐదుకు జమ్మలమడుగులో బయలుదేరడం. ఏడున్నరకు కదిరి దగ్గర టిఫిను, పిల్లకు పాలు. పదకొండుకు పార్కు. ఒంటిగంటకు పిల్ల నిద్ర. దేవపాలు ఆ కాగితాన్ని టిక్కెట్ల షీటు తనిఖీ చేసినట్టు పైనుంచి కిందికి వేలు పెట్టి చూశాడు.

"శానా బాగా రాసినావు మ్మా. ఇందులో టీ యాడుండాది?"

"టిఫిను కాడ తాగుదాం మామా."

"ఒకటి సాలదు. ఏడు పెట్టు."

జాన్సన్ లేచి నిలబడ్డాడు. "ఏడా! నాయనా, మనం పార్కు సూసేదానికి పోతాండామా, టీపొడి అమ్మేదానికి పోతాండామా?"

"ఏడు లేకుంటే నేను రాను. నేను రాకుంటే మీ జేజి రాదు. నువ్వే ఆలోచించుకో" అని దేవపాలు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

అంతటితో ఊరుకుంటే దేవపాలు ఎందుకవుతాడు? మర్నాడు పొద్దున్నే పాత దోస్తులను చూసొస్తానని సంచి తగిలించుకొని పోయినవాడు మూడో రోజు సాయంత్రం ఇంటికి చేరాడు. జమ్మలమడుగు నుంచి బెంగుళూరు దాకా బస్సుల్లో పోయి, దారిపొడవునా దిగుతూ ఎక్కుతూ, టీ అంగళ్ళన్నీ తనిఖీ చేసి వచ్చాడు! చిన్న నోటుబుక్కులో ఒక్కో అంగడికి పదికి ఇన్ని అని మార్కులు కూడా వేశాడు.

శ్వేత ఆ మార్కులు చదివి బిత్తరపోయింది. బండి తోలడానికి మాట్లాడుకున్న హఫీజ్ అయితే తల పట్టుకున్నాడు. ఆ రూటులో ఇరవై ఏళ్ళుగా తిరుగుతున్న మనిషి అతను.

"మామా, ఈ పెట్రోలు బంకు పక్కన అంగడికి పదికి పదా? ఆ టీ నోట్లో పెట్టుకోలేం మామా! గ్లాసులు కడిగిన నీళ్ళు నయం."

"నీకు తెల్దు హఫీజూ."

"మరి ఈ మేడ మీద హోటలుకు సున్నా ఏసినావే? ఆ టీ కోసం జనం లైను కడతారు గదా."

"నీకు తెల్దప్పా. నేను చెప్పిన కాడ ఆపు, అంతే."

ఆయన నాలుక ఎప్పుడో చచ్చిపోయిందని సుగుణమ్మ తేల్చేసింది.

ప్రయాణం రోజు బండి ఐదింటికే కదిలింది. శ్వేత మురిసిపోయింది. ముద్దనూరు దాటే లోపే ఆ మురిపెం విజిలు చప్పుడుకు ఎగిరిపోయింది.

"టీకి పది నిమిషాలు! అందరూ దిగాల! బండిలో ఎవరూ కూచోగూడదు!"

"నాకు వద్దు నాయనా" అన్నాడు జాన్సన్, కళ్ళు తెరవకుండానే.

"తాగకుంటే తాగొద్దు, దిగు. కాళ్ళు పట్టుకుంటాయి."

పులివెందులలో రెండో టీ. కదిరికి ఇవతల మూడోది. జాన్సన్ గడియారం చూసుకుంటూ పళ్ళు కొరుకుతున్నాడు. శ్వేత టైంటేబుల్ గంటన్నర వెనకబడింది. మూడో చోట ప్రశాంతి గుక్కపట్టింది. పిల్లకు పాలివ్వాలి, హఫీజ్ ముందు, మామ ముందు ఆ మాట ఎలా చెప్పాలా అని శ్వేత కొంగు సర్దుకుంటూ ఉండగానే టీ అంగడి ఆమె వచ్చి, "రామ్మా, వెనక గదిలో ఫ్యాను ఏసిపెట్టినా. నిన్ననే ఫోను చేసి చెప్పినాడు మీ మామ" అంది. శ్వేత పిల్లను ఎత్తుకొని ఆమె వెంట లోపలికి పోయింది.

నాలుగో చోట, అదే పదికి పది మార్కుల బంకు దగ్గర, అసలు సంగతి బయటపడింది. పిల్లకు గుడ్డలు మార్చుదామని శ్వేత బండి వెనక్కి వచ్చింది. అక్కడ దేవపాలు అటూ ఇటూ చూసి, గ్లాసులో టీని కానుగ చెట్టు మొదట్లో పోస్తున్నాడు.

"మామా! తాగలేదా?"

దేవపాలు దొంగతనం చేస్తూ పట్టుబడినట్టు గ్లాసు వెనక్కి దాచాడు. "నాకు టీ పడదు మ్మా. కడుపులో మంట. యాభై ఏండ్లుగా అంతే."

సరిగ్గా అప్పుడే బంకు వెనక నుంచి జేజి వస్తోంది. పక్కన బిగించిన ఇనుప కడ్డీ పట్టుకొని, రెండు మెట్లు దిగి, తేలికపడిన మొహంతో. మోకాళ్ళ ఊసే లేదు. బండి సీటు మీద దేవపాలు నోటుబుక్కు తెరిచి ఉంది. మార్కుల వెనక పేజీ శ్వేత ఇంతవరకూ తిప్పి చూడలేదు. ఇప్పుడు చూసింది. 'బంకు: బాత్రూముకు మెట్లు 2, పట్టుకునేదానికి కడ్డీ ఉంది. కుర్చీ మాదిరిది. లోపల గడియ పడుతుంది. నీళ్ళున్నాయి. మేడ మీద హోటలు: మెట్లు 14. అమ్మకు కాదు.' అందులో టీ గురించి ఒక్క ముక్క కూడా లేదు.

"చిన్నగా మాట్లాడు మ్మా" అన్నాడు దేవపాలు. "ఒకసారి ఎండాకాలం నా బస్సులో ఒగామె కండ్లు తిరిగి పడిపోయింది. అడిగితే తెల్లారినప్పట్నుంచి గుక్కెడు నీళ్ళు తాగలేదంట. తాగితే ఒంటేలుకొస్తాది, బస్సు ఆపమని మొగోళ్ళ ముందర ఎట్ల అడిగేది? ముప్పై రెండేండ్లలో ఒక్క ఆడమనిషి గూడా నన్ను నోరు తెరిచి అడగలేదు మ్మా. 'ఒంటేలుకు ఆపినా, దిగండి' అంటే ఒక్కరూ దిగరు. 'టీ' అంటే అందరూ దిగుతారు."

"మరి జేజి..."

"ఆ కడప కారులో ఎవుర్నీ అడగలేక శానా అవస్థ పడింది. చీర తడిసిందంట. నాకు గూడా చెప్పలేదు, ఉతుకుతాంటే నేనే సూసినా. మోకాళ్ళు ఆ రోజు మొదలైనాయి. ఎవరికీ చెప్పొద్దు మ్మా. తెలిసిందంటే అమ్మ మళ్ళా గేటు దాటదు."

శ్వేతకు ఆ క్షణంలో మామ కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. చుట్టాలందరి ముందూ ఇన్నేళ్ళు నవ్వులపాలైన మనిషి, కడుపులో మంట పెట్టుకొని, టీ పిచ్చోడనే పేరు మోస్తూ తిరిగాడు. ఆమె ఆయన చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుపోయి అంగట్లో ఇచ్చి, "టీ శానా బాగుందక్కా" అని చెప్పి వచ్చింది. అది విన్న హఫీజ్, ఈ జబ్బు కోడలికి కూడా అంటుకుందని జాన్సన్‌తో గుసగుసలాడాడు.

పార్కు చేరేసరికి ఒంటిగంట దాటింది. దేవపాలు, జాన్సన్ సామాను లాకరులో పెట్టడానికి పోయారు. ఆడవాళ్ళు రంగులరాట్నం వరుసలో నిలబడ్డారు. వరుస పాము మెలికలు తిరిగి ఎక్కడో ఉంది. శనివారం కావడంతో అనంతపురం, హిందూపురం జనమే సగం. గంట పడుతుందని అక్కడి మనిషి చెప్పాడు. ఇరవై నిమిషాలు గడిచాయి. శ్వేత పక్కకు చూస్తే, జేజి ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారుతోంది. పెదవులు బిగబట్టింది.

"మీరెక్కండి మ్మా" అంది జేజి మెల్లగా. "నాకు మోకాళ్ళు..."

మూడో చుట్టు కూడా చేజారిపోతోందని శ్వేతకు అర్థమైపోయింది. మామ కోసం చూసింది. ఆయన కనుచూపు మేరలో లేడు. పిల్లను అత్త చేతిలో పెట్టింది. బడిలో యాభైమంది పిల్లలను కదలకుండా కూర్చోబెట్టే గొంతు అది. చెయ్యి పైకెత్తి, ఆ పార్కంతా అదిరేలా కేక వేసింది.

"టీకి పది నిమిషాలు!"

వరుసంతా ఘొల్లుమంది. ఎవరో కుర్రాళ్ళు ఈల వేశారు. సుగుణమ్మ సిగ్గుతో పిల్ల టోపీలో మొహం దాచుకుంది. శ్వేత అదేమీ పట్టించుకోకుండా జేజి చెయ్యి పట్టుకొని వరుస దాటింది. పది అడుగులు వేశాక వెనకెవరో వస్తున్నట్టనిపించి తిరిగి చూసింది. హిందూపురం ముసలామె ఒకరు, కడుపుతో ఉన్న ఒకామె, బురఖాలో ఒక పెద్దావిడ, చంటిపిల్ల తల్లులు ఇద్దరు. తనతో, జేజితో కలిపి మొత్తం ఏడుగురు!

"టీ యాడ మ్మా?" అంది ముసలామె, కళ్ళతో నవ్వుతూ.

"ఈడే అవ్వా. మెట్లు లేవు. నేను వస్తానే గేటు కాడ మ్యాపులో చూసినా" అంది శ్వేత.

వాళ్ళు తిరిగొచ్చేదాకా వరుసలో వాళ్ళ చోట్లు అలాగే ఉన్నాయి. సుగుణమ్మ పిల్లతో అడ్డం నిలబడి ఒక్కర్నీ ముందుకు కదలనివ్వలేదు. అసలు విషయం ఆమెకు ఎప్పట్నుంచి తెలుసో ఆ దేవుడికే తెలియాలి.

లాకరు దగ్గర నుంచి వచ్చిన జాన్సన్‌కు కుర్రాళ్ళు జరిగింది చెప్పారు. "శ్వేతా, నీకెప్పుడు పట్టింది ఈ పిచ్చి? నువ్వు అసలు టీ తాగవు కదా!" అన్నాడు.

"మీ నాయన తాగుతాడా?" అంది శ్వేత.

జాన్సన్ నాయన వైపు తిరిగి చూశాడు. దేవపాలు మాత్రం తనకేమీ తెలియనట్టు ఆకాశం చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

జేజి తెల్ల గుర్రం ఎక్కింది. ఒడిలో ప్రశాంతి, పక్క గుర్రం మీద సుగుణమ్మ, వెనక జాన్సన్, శ్వేత. దేవపాలు ఎక్కాల్సిన గుర్రం ఖాళీగానే ఉంది. ఆయన కింద నిలబడి, రేకు మీద రెండు దెబ్బలు వేసి, విజిలు ఊది, "రైట్, రైట్!" అన్నాకే దూకి ఎక్కాడు. మీట నొక్కాల్సిన మనిషి ఆయన మాట వినే నొక్కాడు.

"ఒకటి... రెండు..." జేజి గట్టిగా లెక్కపెడుతోంది. మూడో చుట్టు రాగానే రెండు చేతులూ ఎత్తబోయి, పిల్ల గుర్తొచ్చి ఒక్క చెయ్యే ఎత్తింది. "మూడు! రేయ్ దేవపాలూ, సూడు, నన్ను ఎవరూ దింపలే!"

దిగాక ఆమె కళ్ళు తుడుచుకొని, ముక్కు చీదుకొని, శ్వేత చెవిలో అడిగింది. "మ్మా, ఆ నీళ్ళలో పడవ గూడా ఎక్కుదామా? దానికి ముందర టీ ఉందా?"