ఏడో రోజు సద్దులు

పోయినేడు బతుకమ్మ రోజుల ముచ్చట ఇది. నేను దోహాల, నజ్మాల ఉన్న ఒక చిన్న ట్రావెల్ ఆఫీసుల టూర్ ఎస్కార్ట్‌ని. అంటే టికెట్లు చేతుల పెట్టి పంపుడు కాదు, ఫ్యామిలీ వెంట పోయి తిప్పి, మళ్ళ దోహాల దించేదాకా నాదే డ్యూటీ. మాది నిజామాబాద్. ఊర్ల మా చిన్నమ్మకు నేను బ్యాంకాక్ నుంచి ఫోన్ చేసినా దుబాయ్‌ల ఉన్నట్టే.

ఆ టూర్ దోహాలనే ఐన్ ఖాలిద్‌ల ఉండే శ్రీకాంత్ అన్న ఫ్యామిలీది. ఆయన, భార్య స్వప్న, అత్త లచ్చవ్వ, అంతే. స్వప్నకు అంతకు ముందేడు క్యాన్సర్ అని తేలింది. లచ్చవ్వ విజిట్ వీసా మీద వచ్చి బిడ్డ మంచం పక్కనే కూసున్నది. నయమైందని డాక్టర్లు చెప్పినంక శ్రీకాంత్ అన్న నా టేబుల్ కాడికొచ్చి, "ఖలీల్, పొలాలు, సముద్రం ఒక్క దగ్గర చూపియ్యి. ఏడాది సంది ఆస్పత్రి గోడలే చూసింది మా స్వప్న" అన్నడు. థాయ్‌లాండ్ దక్షిణాన ఒక పల్లెల హోమ్‌స్టే పెట్టిన. అంటే హోటల్ కాదు, ఊరోళ్ళ ఇంట్లనే గదులు. పండుగ ఆఖరినాడు, తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మకు దోహాల ఉండాలని ముందు రోజుకే రిటర్న్ టికెట్లు కొట్టిచ్చిండు.

ఆ పల్లెల ఒక పొద్దు వాన తెరిపిచ్చింది. పొలాల గట్ల మీద నడుస్తున్నం. వరి నడుం దాకా ఉన్నది, కొంగలు, ఎనుకకు కొబ్బరి చెట్లు. స్వప్న చెప్పులు చేత పట్టుకొని బురదల నడుస్తుంటే చూడబుద్ధయింది. లచ్చవ్వ మాత్రం వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టుకుంట గట్టు మీదనే కూలబడ్డది.

"అమ్మా, ఏమైంది?" అన్నది స్వప్న.

"ఇయ్యాలనే సద్దులు, బిడ్డా."

"ఎల్లుండి కదనే."

"మీ అత్తగారి దిక్కు ఎల్లుండి. మన వేములవాడ దిక్కు ఏడో రోజే. మర్చిపోయినవా?"

స్వప్న నిజంగనే మర్చిపోయింది. పెండ్లయినకాడి నుంచి అత్తగారి జగిత్యాల లెక్కల ఉన్నది, దోహాల అందరూ తొమ్మిదో రోజే ఆడుతరు. లచ్చవ్వ కండ్లు తుడుచుకుంది. "నీ పానం దక్కితే వచ్చే సద్దులనాడు నీ నెత్తి మీదనే బతుకమ్మ ఎత్తించి, నీళ్ళల్ల ఇడిపిస్త అని గౌరమ్మకు మొక్కిన. ఈ దేశంల ఎట్ల తీర్చాలె?"

"ఎల్లుండి దోహాల చేద్దాం అత్తమ్మా, దేవుడేం అనుకోడు" అన్నడు శ్రీకాంత్ అన్న.

"మొక్కింది నేను అల్లుడా, నువ్వు గాదు."

నాకు ఇటినరరీ అంటే పానం. గంటగంటకు ఎక్కడుండాలో రాసుకునే ప్లాన్ అది. కస్టమర్ చాయ్‌కి ఆగుదామన్నా మొహం మాడ్చుకుంట. కానీ ఆమె మొహం చూసి మధ్యాహ్నం తిరుగుడంతా కొట్టేసిన. "యల్లా, లే అమ్మా, పోదాం. పూలు దొర్కుతయో లేదో చూద్దాం" అన్న.

చిన్నప్పుడు పక్కింటి అత్తకు బతుకమ్మ కోసం గునుగు పూలు తెంపుకొచ్చేటోణ్ణి. ఇక్కడ గునుగు లేదు. బంతి ఉన్నది, బొగడబంతి ఉన్నది. మా హోమ్‌స్టే ఇంటామె పేరు మాలీ. ఆమెకు ఫోన్ల బతుకమ్మ ఫొటో చూపిచ్చిన. చూసుడుతోనే నవ్వి, కత్తి పట్టుకొని పెరట్లకు పోయి అరటి బోదెను గుండ్రంగ కోసుకొచ్చింది. వాళ్ళు కూడా ఒక పున్నమికి ఆ బోదె మీదనే పూలు, దీపం పెట్టి నీళ్ళల్ల ఇడుస్తరట.

"తంగేడు లేకుంట ఎట్ల?" అన్నది లచ్చవ్వ. పెరట్లనే సీమ తంగేడు చెట్టు పచ్చగ పూసి ఉన్నది. ఆ పూలను వాళ్ళు కూర వండుకుంటరని చెప్తే, "ఓయమ్మ, గౌరమ్మ పూలను తింటరా?" అని ఆ రోజు మొదటిసారి నవ్వింది. మాలీ వంటింట్ల పచ్చి పసుపు కొమ్ములు నూరి గౌరమ్మను చేసినం. బజార్ల కాల్చే రొట్టెలు, తాటి బెల్లం కలిపి మలీద ముద్దలు కట్టినం.

ఇగ నీళ్ళ పంచాయితి మిగిలింది. సాయంత్రం సముద్రం పోటు మీద ఉన్నది, ఏది ఇడిచినా ఒడ్డుకే తోస్తది. "మళ్ళ ఒడ్డుకొస్తే నా మనసు ఊకోదు" అన్నది లచ్చవ్వ. టైడ్ చూసుకునుడు మా పనిల భాగమే. ఏ యాళకు నీళ్ళు వస్తయి, ఏ యాళకు పోతయి తెల్వకుంట పడవలు ఎక్కియ్యరాదు. మాలీ మొగడు పడవల మమ్మల్ని వాగు సముద్రంల కలిసే కాడికి తీస్కపోయిండు. అక్కడ ఇసుకల దించి, నీళ్ళు తిరిగేదాకా ఆగుమన్నడు.

తల్లీబిడ్డలు బతుకమ్మ చుట్టు తిరిగిర్రు. మాలీ కూడా కలిసింది, ఆమె చప్పట్లు ఎప్పుడూ ఒక దెబ్బ ఎనుకనే. పొద్దు గుంకుతుంటే నీళ్ళు సముద్రం దిక్కు మళ్ళినయి. స్వప్న తల మీది గుడ్డ తీసింది. జుట్టు ఇంకా వేలెడే. దాని మీద బతుకమ్మను ఎత్తుకొని మోకాళ్ళ లోతుకు పోయి ఇడిచింది. బతుకమ్మ ఒక్కసారి కూడా ఎనుకకు రాలే. కనబడకుంటయ్యేదాకా అందరం నిలబడ్డం. లచ్చవ్వ బిడ్డ తలను రొమ్ముకు పట్టుకొని గట్టిగ ఏడ్చింది. శ్రీకాంత్ అన్న సముద్రం దిక్కు తిరిగి నిలబడ్డడు.

లచ్చవ్వ తొలి మలీద ముద్ద నా చేతులనే పెట్టింది. "నీ కడుపు సల్లగుండ, కొడుకా." ఇన్నేండ్లల్ల నాకు ఇంతకు మించిన టిప్పు దొరకలే.

అప్పటి సంది తెలంగాణ ఫ్యామిలీ దసరా టైమ్‌ల బుకింగ్‌కి వస్తే, పాస్‌పోర్ట్ కంటే ముందు మీకు సద్దులు ఎన్నో రోజు అని అడుగుత. తల్లిగారి దిక్కు కూడా అడుగుత. ఈయేడు ఏడో రోజు స్వప్న నుంచి ఒక వీడియో వచ్చింది. దోహా సముద్రపొడ్డు కార్నిష్ కాడ, తల మీద బతుకమ్మ, దాని కింద రెండు దిక్కులకు చిన్న జడలు.

"ఖలీల్ అన్నా, ఈసారి నేను మర్చిపోలే" అన్నది.